ఐసు డబ్బాలో అమ్మపాలు

గండికోట ఎలా ఉందని మా ఊళ్లో కనబడిన ప్రతివాడూ అడుగుతున్నాడు. నేను గండికోట చూడలేదు. ఆటో ఎక్కితే చేరిపోయేంత దూరంలో బసచేసి, మూడు రోజులు అటూ ఇటూ తిరిగి, కోటగోడ నీడైనా తొక్కకుండా వచ్చేశాను. మరి ఇన్నాళ్లూ ఏం చేశావని అడిగితే పాలు మోశానని చెబుతున్నాను. వాళ్లు నవ్వుతున్నారు, నాకు ఒళ్లు మండుతోంది. అందుకే విడమర్చి రాస్తున్నాను. జరిగినదాంట్లో సగం నాకే ఇప్పటికీ బోధపడలేదు కాబట్టి, చదివేవాళ్లకు బోధపడకపోతే నా మీద కోప్పడకూడదు.

నాది నరసాపురం. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. పసిపిల్లల గురించి నాకున్న పరిజ్ఞానమల్లా, ఏడుపు మొదలెట్టగానే తిరిగి తల్లికి ఇచ్చేయాలన్నది ఒక్కటే.

జమ్మలమడుగులో ఉగ్గాని

జమ్మలమడుగులో నా పాత సహోద్యోగి ఓబుల్ రెడ్డి ఉన్నాడు. ఒకప్పుడు బదిలీ మీద మా ఊరొచ్చి చేపల వాసనకు నానా అవస్థా పడిన మనిషి. కోట చూస్తానని ఎన్నేళ్లుగానో అంటున్నాను, రమ్మని ఎన్నేళ్లుగానో అంటున్నాడు. తీరా నేను వెళ్లేసరికి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. దుమ్ములోకి వెళ్లకూడదని డాక్టరు చెప్పాడట. అక్కడ దుమ్ము లేని చోటు నాకు కనబడలేదు.

పొద్దున్నే ఉగ్గాని పెట్టారు. నానబెట్టిన బొరుగులకు ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు మరమరాలంటే సాయంకాలం కాలక్షేపానికి నమిలేవి. ఇక్కడ వాటిని తడిపి పొద్దున్నే కడుపునిండా తింటారు. బాగుందని నేను ఒప్పుకునే లోపలే ఓబుల్ రెడ్డి తల్లి మరో గరిటె వేసింది. ఆమెను ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా జేజి అంటారు, అంటే నాయనమ్మ అట. చెవులు సరిగా వినబడవు. ఆ వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మందికి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది ఆవిడేనట.

చెయ్యి కడుక్కుంటుంటే ఓబుల్ రెడ్డి అసలు సంగతి చెప్పాడు. కోడలు లావణ్య కాన్పుకని వేముల దగ్గర పుట్టింటికి వెళ్లింది. నెలలు నిండకుండానే బీపీ పెరిగి, పులివెందులలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. మరీ చిన్నదిగా ఉంది, ఊపిరి ఆడటానికి మిషన్ కావాలి. ప్రొద్దుటూరులో ఒక పిల్లల ఆస్పత్రిలో చోటు దొరికితే అక్కడికి చేర్చారు. బీపీ దిగేదాకా తల్లి కదలకూడదు. అంటే తల్లి పులివెందులలో, బిడ్డ ప్రొద్దుటూరులో. ఓబుల్ రెడ్డి భార్య లక్ష్మీదేవి బిడ్డ దగ్గర ఉంది. కొడుకు శివ సిమెంటు లారీ డ్రైవరు, లోడుతో ఒరిస్సా దాకా పోయి తిరుగుదారిలో ఉన్నాడు.

"సత్యం, ఒక పని చెప్తా, కాదనొద్దప్పా" అన్నాడు. "పులివెందులకు పోయి పాలు తీస్కోని ప్రొద్దుటూరులో ఇచ్చి రావల్ల. నిన్నటిదాంక లావణ్య తమ్ముడు తిరుగుతాండె. ఈపొద్దు వానికి కడపలో పరీక్ష."

ప్రొద్దుటూరు అంత ఊళ్లో పాలు దొరకవా అని అడిగాను. ఓబుల్ రెడ్డి నల్లద్దాలు తీసి ఆపరేషన్ కంటితోనే నన్ను చూశాడు.

"దాని తల్లిపాలు రా సామీ."

నా మొహంలో ఏ రంగు కనబడిందో నాకు తెలియదు. తల్లిపాలు బస్సులో ఎలా వెళతాయో అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసింది. చేతికి థర్మాకోలు డబ్బా ఇచ్చారు, తీసుకుని బయలుదేరాను.

పులివెందులలో చీనీకాయలు

ముద్దనూరు దాటాక దారి పొడవునా రాళ్లు, శనగచేలు, మళ్లీ రాళ్లు. పులివెందుల దగ్గర పడుతుంటే ఒక్కసారిగా పచ్చటి తోటలు వచ్చాయి. బత్తాయి తోటలు కాబోలన్నాను. పక్కనున్న పెద్దమ్మ ఒప్పుకోలేదు. "బత్తాయి ఏందప్పా, చీనీకాయలవి" అంది. రెండూ ఒకటే కదా అన్నాను. కాదంది. సంచిలోంచి ఒక కాయ తీసి వొలిచి నా చేతిలో పెట్టింది. అచ్చంగా బత్తాయే. తియ్యగా ఉంది గనక వాదించలేదు.

ఆస్పత్రిలో బాలింతల వార్డు బయట ఆగిపోయాను. లోపలికి మగవాళ్లు వెళ్లవచ్చో లేదో తెలియదు. అక్కడి నర్సు ఎస్తేరు సిస్టర్ నన్ను, నా డబ్బాను ఒకసారి చూసి "పాలకు వచ్చినావా? రా పెద్దాయనా, ఆడ తెర ఏస్తా" అని లోపలికి పిలిచింది.

లావణ్య బాగా నీరసంగా ఉంది. పెళ్లి ఫొటోలో చూసిన పిల్లకూ ఈ పిల్లకూ పోలిక లేదు. బిడ్డను ఆమె ఇంకా చూడలేదు. మత్తులో ఉండగానే తీసుకెళ్లిపోయారు. ఫోనులో ఫొటో మాత్రం ఉంది, దాంట్లోనూ గొట్టాలే ఎక్కువ కనబడుతున్నాయి.

నేను తెర ఇవతల గోడ క్యాలెండరు వైపు తిరిగి కూర్చున్నాను. ఎస్తేరు సిస్టర్ ఎవరికో గుడ్డతో కుట్టిన రొమ్ము బొమ్మ పెట్టి, పాలు పిండేటప్పుడు వేళ్లు ఎక్కడ ఆనించాలో చూపిస్తోంది. ఆ క్యాలెండరులో పండగలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఈలోపు డ్యూటీ డాక్టరు వచ్చి "టెన్షన్ పెట్టుకోకూడదమ్మా, టెన్షన్ పడితే పాలు రావు" అని హెచ్చరించి పోయాడు. లావణ్య తల్లి "ఇన్నావా, టెన్షన్ పడొద్దంట" అని గట్టిగా కసిరింది. పక్క మంచం ఆవిడ కూడా అదే చెప్పింది. అందరూ కలిసి ఆ పిల్లకు ఉన్న టెన్షన్ చాలక ఇంకొంచెం పెట్టారు. ఎవరిని కోప్పడాలో తెలియక క్యాలెండరును కోప్పడ్డాను.

చివరికి సిస్టర్ మూతున్న చిన్న సీసా తెచ్చింది. అడుగు తడిసిందంతే. పైగా పసుపు రంగులో చిక్కగా ఉన్నాయి. చెడిపోయాయేమోనని భయపడ్డాను.

"ఇవి విరిగిపోయినట్టున్నాయండీ" అన్నాను.

"విరగలేదు. ముర్రుపాలు అట్లనే ఉంటాయి. ఆ బిడ్డకు ఈ సుక్కలే మందు" అంది సిస్టర్.

లావణ్య తెర అవతల నుంచి నీరసంగా మాట్లాడింది. "ఇంతే వచ్చినాయి మామా. నాకు రావడం ల్యాదు. డబ్బాపాలు పోయమని చెప్పు వాళ్లకు."

"డబ్బాపాలు వాళ్లే వద్దంటాండారు గదా. అంత చిన్న పేగులకు అరగవు" అంది సిస్టర్. "పొద్దన్నటికీ ఇప్పటికీ రెండు సుక్కలు ఎక్కువే వచ్చినాయి. నువ్వు సూసుకోల్యా, నేను సూసినా."

అది నిజమో, ఆ పిల్ల మనసు నిలబెట్టడానికి అన్న మాటో నాకు తెలియలేదు. మా వైపు బాలింతకు పాలు పడాలంటే సొరపుట్టు వండి పెడతారని, నాకు తెలిసిన ఒక్క ముక్కా చెప్పాను. సొర అంటే సముద్రపు చేప అని కూడా వివరించాను. పులివెందులలో సముద్రం ఎక్కడిదని లావణ్య తల్లి అడిగింది. ఆ మాటకు లావణ్య కొంచెం నవ్వింది. ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే.

మళ్లీ జమ్మలమడుగు

ప్రొద్దుటూరు బస్సు ఎంతకీ రాలేదు. జమ్మలమడుగు బస్సు వస్తే, అక్కడి నుంచి మారొచ్చని ఎక్కేశాను. డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా యాస విని కండక్టరు "గోదావరి మనిషివా? ఏందప్పా డబ్బాలో, చేపలా?" అన్నాడు. మందులండీ అన్నాను. పక్కాయన ఏం మందులని, ఎవరికని, ఎంతైందని అడిగాడు. మా ఊళ్లో అయితే మనసులో అనుకుని ఊరుకుంటారు. ఇక్కడ మొహం మీదే అడిగేస్తారు, చెప్పకపోతే నొచ్చుకుంటారు. జమ్మలమడుగు చేరేసరికి ఐసు సగం నీళ్లయింది.

ఐసు కోసం ఓబుల్ రెడ్డి ఇంటికి వెళ్లాను. సీసాను ఫ్రిజ్జులో పెట్టి, ఇవి పాప పాలు, జాగ్రత్త అని అందరికీ వినబడేలా చెప్పాను. ఓబుల్ రెడ్డి ఐసు కోసం పక్కింటికి మనిషిని పంపాడు. ఈలోగా జేజి రాగిసంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ పెట్టింది, చెనిక్కాయలంటే వేరుశనగలే. ఆకలి మీద ఉన్నాను, తల వంచుకుని తిన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పొయ్యి మీద చిన్న గిన్నె ఉంది. పక్కన నా సీసా ఖాళీగా ఉంది. గిన్నె అడుగున గోధుమరంగు మరక అంటుకుని ఉంది, ఇంకేమీ లేదు.

"పచ్చిపాలు పసిదానికి ఎట్ల పోస్తారు నాయనా" అంది జేజి. "కాంచి ఇద్దామని పెట్టినా. ఇన్నేనా తెచ్చేది? గిన్నెలో పోస్తానే ఇగిరిపాయ."

తప్పు ఆవిడది కాదు. ఇంటికి పాలొస్తే కాచకుండా ఎవరు వాడతారు? పసిదానికని ఏ ఆవుపాలో మేకపాలో తెచ్చానని అనుకుంది. తల్లిపాలను సీసాలో పట్టి బస్సులో పంపుతారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నాకే ఆ పొద్దున తెలిసింది.

ఓబుల్ రెడ్డి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు, అవి లావణ్య పాలు అని. జేజి మొహం పాలిపోయింది. గిన్నె పట్టుకుని నేల మీద కూలబడింది. తల్లిపాలు పొయ్యి మీద పెడితే తల్లికి పాలు ఎండిపోతాయని అక్కడివాళ్ల నమ్మకం. ఐసు తెచ్చిన పక్కింటావిడ గడపలో నిలబడి ఆ మాటే ఇంకా వివరంగా చెప్పింది. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

లావణ్యకు ఈ సంగతి తెలియకూడదని నేనూ ఓబుల్ రెడ్డీ వసారాలో గట్టిగా అనుకున్నాం. మేం అనుకుంటూ ఉండగానే లోపల జేజి ఫోను చేసేసింది. "నేను నీ పాలు కాల్చినా తల్లీ, నన్ను తిట్టు" అని ఏడుస్తోంది.

ప్రొద్దుటూరులో కారం దోసె

ఖాళీ డబ్బాతో ప్రొద్దుటూరు వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగా తెలియదు. జరిగింది ఎవరో ఒకరు మొహాన చెప్పాలి కదా అనిపించింది. బంగారం దుకాణాల వీధి మీదుగా ఆటో పోతుంటే, ఒక్క వీధిలో అన్ని నగలు చూసి కూడా నాకు ఏమీ తోచలేదు. ఆస్పత్రి ఎదుట కారం దోసె తిన్నాను. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మధ్యలో ఉర్లగడ్డ కూర, అదే బంగాళాదుంప కూర, పెట్టి ఇచ్చారు. కళ్లల్లోంచి నీళ్లు వచ్చాయి. అన్నీ కారం వల్లే కాదు.

అద్దం తలుపు అవతల బిడ్డను చూపించారు. గుప్పెడంత ఉంది, తలకు టోపీ ఉంది. పిల్లల వార్డు నర్సు షాహిదా సిస్టర్ కథంతా విని తల పట్టుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు, పులివెందులకు ఫోను చేసి ఎస్తేరు సిస్టరుతో మాట్లాడింది. మధ్యాహ్నం నుంచి లావణ్యకు ఒక్క చుక్క రాలేదట. గోడవైపు తిరిగి పడుకుందట.

"ఈపొద్దుకు సెలైన్ మీద నెట్టుకొస్తాం" అంది షాహిదా సిస్టర్. "రేపు కూడా తల్లిపాలు రాకపోతే డాక్టరు డబ్బాపాల మాట ఎత్తుతాడు. అరిగితే సరే. కడుపు ఉబ్బిందంటే శానా కష్టం."

లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నా డబ్బా మూత తీసి, మూసి, మళ్లీ తీశాను.

సిస్టర్ లోపలికి వెళ్లి, బిడ్డ తలకున్న టోపీ మార్చి, పాతదాన్ని కవరులో పెట్టి తెచ్చింది. "ఇది తల్లికి ఇయ్యి. ఉతకొద్దు" అంది. విడిచిన టోపీ ఎందుకని అడిగాను. "బిడ్డ వాసన ఉంటాది దాంట్లో. అది తగిలితే కొందరికి పాలొస్తాయి" అంది. అందరికీ రావా అని అడిగాను. "అందరికీ అని నేను చెప్పినానా?" అంటూ వెళ్లిపోయింది.

ఆ మాటతో నాకు ధైర్యం రావాలో పోవాలో తెలియలేదు. పాలు ఇటు, వాసన అటు. తపాలా ఆఫీసులో ఇన్నేళ్లు చేశాను గాని ఇలాంటి బట్వాడా ఎన్నడూ చేయలేదు.

జేజితో ప్రయాణం

మర్నాడు పొద్దున పులివెందులకు నాతోపాటు జేజి కూడా బయలుదేరింది. వద్దంటే వినలేదు. బస్సులో నా జేబులోంచి కవరు కొస బయటికి కనబడితే ఏందది అని లాగింది. టోపీ చూసి, మాసిందని ముక్కు చిట్లించింది. "ముద్దనూరులో బస్సు ఆగుతాది గదా, కొళాయి కాడ జాలించుకొస్తా" అంది. నేను దాదాపు లాక్కున్నాను. ముసలావిడ చేతిలోంచి లాక్కోవడం ఏం మర్యాదో, దారి పొడవునా అదే బాధ. ఆవిడ మాత్రం కోప్పడలేదు. నిన్నటి నుంచీ ఆవిడ ఎవరి మీదా కోప్పడటం లేదు.

వార్డులో లావణ్య గోడవైపే తిరిగి ఉంది. జేజిని చూసి కళ్లు మూసుకుంది. లావణ్య తల్లి మాట్లాడకుండా సంచి తీసుకుని, స్నానం చేసి అన్నం తెస్తానని వేములకు వెళ్లిపోయింది. ఆవిడ చెప్పులు టపటపలాడిన తీరు చూస్తే అది ఒట్టి స్నానం కోసం వెళ్లడంలా లేదు.

ఇలాంటి నమ్మకాలు వట్టివని ఎస్తేరు సిస్టర్ ఉపన్యాసం ఇస్తుందనుకున్నాను. గోడల మీద అలాంటి బొమ్మలు బోలెడు ఉన్నాయి. ఆమె అదేమీ చేయలేదు. టోపీని లావణ్య చేతిలో పెట్టింది. తర్వాత జేజి వైపు తిరిగి గట్టిగా "అవ్వా, నీ చేతులు బాగా కడుక్కోని రా. ఈ పిల్ల వీపు రుద్దల్ల" అంది.

జేజి కదల్లేదు. "నా చేత్తోనే పాయె గదా సిస్టరమ్మా. నా చెయ్యి తగలొచ్చునా?"

"తగలొచ్చునో లేదో నాకు తెల్దు. నా చేతులు ఖాళీ ల్యావు, నీవి ఖాళీగా ఉండాయి. ఆ పక్క ఇంకా ముగ్గురు ఉండారు నాకు" అంది సిస్టర్. వెన్నుపూసకు రెండు వైపులా బొటనవేళ్లు ఎలా పైనుంచి కిందికి తిప్పుకుంటూ రావాలో ఒకసారి చూపించి, తెర వేసి, పక్క మంచానికి పోయింది.

నేను నా క్యాలెండరు దగ్గరికి చేరాను. తెర అవతల నుంచి జేజి గొంతు వచ్చింది, పిల్లలకు నీళ్లు పోసేటప్పుడు అనే మాటలేవో గొణుగుతోంది. లావణ్య ఏడవడం మొదలుపెట్టింది. నాకు భయమేసింది. టెన్షన్ పడకూడదని ఆ డాక్టరు చెప్పాడు కదా, ఏడుపు టెన్షన్ కిందికి వస్తుందో రాదో నాకేం తెలుసు? సిస్టరును పిలుద్దామని లేచాను. ఆమె దూరం నుంచే కూర్చోమని చెయ్యి ఊపింది.

"దీని వాసన ఏందో ఉండాది జేజీ" అంది లావణ్య ఏడుస్తూనే. "పాలవాసన కాదు. ఏందో."

"బిడ్డ వాసన అంతే తల్లీ" అంది జేజి.

కాసేపటికి జేజి "సిస్టరమ్మా" అని ఒక్క కేక పెట్టింది. సిస్టర్ గిన్నె పట్టుకుని పరుగెత్తింది. జరిగింది నేను చూడలేదు, చూడకూడదు కూడా. తెర అంచు కింద నుంచి జేజి పాదాలు మాత్రం కనబడ్డాయి. నేల మీద పడిన ఒక చుక్కను ఎవరూ తొక్కకుండా చీర చెరగుతో అద్దింది.

సీసా ఈసారి సగానికి పైగా నిండింది. పసుపు తగ్గి తెలుపు తిరిగింది. వీపు రుద్దడం వల్లా, టోపీ వల్లా, ఏడుపు వల్లా, లేక రావాల్సిన వేళకు వాటంతటవే వచ్చాయా అని సిస్టరును అడిగాను. "పెద్దాయనా, ప్రొద్దుటూరు బస్సు పోతాది" అంది.

ప్రొద్దుటూరులో ఉగ్గుగిన్నె

ఈసారి మధ్యలో ఎక్కడా దిగలేదు. ముద్దనూరులో కండక్టరు టీ తాగి రమ్మన్నా కదల్లేదు. డబ్బాలో ఏముందని ఒకాయన అడిగితే తల్లిపాలు అన్నాను. ఆయన వెంటనే తన సంచి తీసి పైన పెట్టి, డబ్బాకు సీటు ఇచ్చి, తాను నిలబడ్డాడు. సిగ్గుపడి అబద్ధం చెప్పినందుకు నిన్నటి కండక్టరు గుర్తొచ్చాడు.

షాహిదా సిస్టర్ సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నిలబెట్టింది. పొయ్యి మీద కాదని నా వైపు చూసి మరీ చెప్పింది. ఊపిరి మిషన్ పొద్దున్నే తీసేశారట, బిడ్డను పక్క గదిలోకి తెచ్చి లక్ష్మీదేవి ఒళ్లో పెట్టింది. పాలు పట్టడానికి ఆమె తీసిన వస్తువు చూసి నాకు మతి పోయింది. మా అమ్మ దగ్గర ఉన్నటువంటి ఉగ్గుగిన్నె. పసిపిల్లలకు ఉగ్గు పెట్టవద్దని గోడ మీద రాసి, దాని కింద కూర్చుని ఉగ్గుగిన్నెతో పోస్తున్నారు. ఇదేమిటండీ అంటే, సీసా పీక అలవాటైతే బిడ్డ రేపు తల్లి దగ్గర తాగదంది. సరే, అదీ ఒక లెక్కే కాబోలు.

తలుపు దగ్గర నిలబడి పులివెందులకు ఫోను కలిపాను. లావణ్యే ఎత్తింది. ఇంకా పట్టలేదు, ఇప్పుడే పెడుతున్నారు, ఆగమ్మా అన్నాను. గిన్నె ముక్కు పెదవికి ఆనించారు. మొదటి చుక్క చెంప మీదికి జారింది. రెండో చుక్కకు ఆ గుప్పెడు బిడ్డ మెడ కదిలింది. మళ్లీ కదిలింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను ఆ మెడనే చూశాను.

"తాగిందా మామా?"

"తాగిందమ్మా."

"కక్కిందా?"

"లేదు."

అప్పుడు బిడ్డ ఏడ్చింది. సన్నటి గొంతు, అయినా ఫోనులో వినబడినట్టుంది. లావణ్య ఆ గొంతు వినడం అదే మొదలు.

"మల్ల యాల ఏడుస్తాంది? ఏమైంది మామా?"

నాకేం తెలుసు. షాహిదా సిస్టరును అడిగాను. ఆమె గిన్నె తుడుస్తూ "అయిపాయ గదా, ఇంకా కావల్లంట" అంది. ఆ మాటే ఉన్నదున్నట్టు ఫోనులో చెప్పాను.

లైను తెగిందేమోనని ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఆనించాను. మంచం కిర్రుమంది. తర్వాత లావణ్య గొంతు వినబడింది, నాతో కాదు.

"జేజీ, యాడుండావు? ఇట్ల రా, వీపు రుద్దు. సిస్టర్, ఆ గిన్నె తీస్కరా. నా బిడ్డకు సాల్లేదంట."